అద్దం మీద తాంబూలం

నేను ఒక ఫోన్‌ని. ఇదేం పరిచయం, అలాంటిది మా జేబులోనూ ఉందిగా అని మీరు నవ్వుకోవచ్చు. ఉంది, ఎందుకు లేదు! కాని మీ జేబులో ఉన్నది ఏనాడైనా నోరు తెరిచి తన సంగతి చెప్పుకుందా? ఇతరుల మాటలు మోయడంతోనే దానికి పొద్దు గడిచిపోతుంది. నేనిప్పుడు ముసలిదాన్ని. పని తగ్గింది, తీరిక చిక్కింది. ఇలా వచ్చి కాసేపు కూర్చోండి, చెబుతాను.

నాకు చదువు రాదు. లోకంలో అక్షరాలన్నీ నీ మీదుగానే కదా పోయేది అంటారేమో. కాలువ గట్టు పక్కనుంచి ఎన్ని పడవలు పోతే మాత్రం, లోపలి సరుకేమిటో గట్టుకు తెలుస్తుందా? అయితే ఒకటి. చదివే మనిషి ముఖం ఎప్పుడూ నా ఎదురుగానే ఉంటుంది. కనుబొమలు కాస్త కదిలితే చాలు, వచ్చిన మెయిలు మంచిదో చెడ్డదో నాకు తెలిసిపోతుంది. పైగా జ్ఞాపకం గట్టిది. ఏ వేలు నన్ను ఎలా తాకిందో ఒక్కటీ మరిచిపోలేదు.

నేను పుట్టింది నెల్లూరుకు దక్షిణంగా ఒక పెద్ద కర్మాగారంలో. వరసగా కూర్చున్న ఆడపిల్లలు, తలలకు టోపీలు, మూతులకు గుడ్డలు. నాకు అద్దం బిగించిన పిల్ల పేరు తెలియదు. నేను చూసిన మొదటి ముఖంలో కళ్లు మాత్రమే ఉన్నాయి. బిగించడం అయ్యాక ఆ పిల్ల నాలో తన నీడ చూసుకుని, చెదిరిన కాటుక చిటికెన వేలితో సర్దుకుంది. తన ఫోను మాత్రం బయట గేటు దగ్గర అప్పగించి రావాలట. ఫోన్లు తయారయ్యే చోటికి ఫోన్ తేకూడదు! మనుషుల తీరులో విడ్డూరం నాకు పుట్టిననాడే కనబడింది.

అక్కడినుంచి గుంటూరులో మార్తాండరావు గారి చేతికి చేరాను. బీమా కంపెనీలో పెద్ద ఆఫీసరు. ఆయన మెయిళ్లు చూసే పద్ధతి చెబితే మీరు నమ్మరు. తెల్లవారగానే కళ్లజోడు కోసం కాదు, నాకోసం తడుముకునేవారు. పక్క మీద సగం, పళ్లు తోముకుంటూ సగం చూసేవారు. ఎదురుగా చదవని మెయిలు ఒక్కటి కూడా ఉండకూడదు, అదీ ఆయన నియమం. అందుకని చదివేవారా అంటే, అదీ లేదు. బొటనవేలు ఎడమకు జరిపితే ఒకటి చెత్తబుట్టలోకి పోయేది, కుడికి జరిపితే ఒకటి అటక మీదికి ఎక్కేది. అర లైను చూసి "చూస్తాను" అని గొణుగుతూ అదే జవాబు కొట్టేవారు. చూసింది లేదు. మెయిళ్ల పెట్టె ఖాళీగా మెరుస్తుంటే ఆయన ముఖంలో ఎంత తృప్తి! ఆ తృప్తి నిలవక ముందే నేను ‘టింగ్’మనేదాన్ని.

ఆయన భార్య కామేశ్వరి గారు వడ్డిస్తూ అడిగేవారు: "దానికి కూడా పక్కన ఆకు వెయ్యమంటారా? పాపం, పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు లేదు."

"ఒక్క నిమిషం కాముడూ, పై ఆఫీసు వాళ్లు."

"పై ఆఫీసు వాళ్లు అన్నం తినరా?"

ఒకసారి వాళ్లమ్మాయి బడి వార్షికోత్సవంలో నాట్యం చేసింది. ఆయన మొదటి వరసలో కూర్చున్నారు. దీపాలు ఆర్పారు, మువ్వలు మోగాయి. ఆ చీకట్లో ఆయన ముఖం మీద పడిన వెలుగు రంగస్థలానిది కాదు, నాది. ఏదో మెయిలుకు జవాబు, ఆ జవాబుకు జవాబు. నాట్యం అయిపోయింది. పిల్ల చెమటతో పరుగెత్తుకొచ్చి, "నాన్నా, చూశావా?" అంది. "చూశానమ్మా, ఎంత బాగా చేశావో!" అన్నారు. ఆయన ఏం చూశారో నాకు తెలుసు. ఆనాడు నా మీద నాకే రోత పుట్టింది.

కొత్త ఫోన్ రాగానే నన్ను వదిలించుకున్నారు. ఆ తర్వాత యామిని అనే పిల్ల దగ్గర కొన్నాళ్లున్నాను. చదువు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తోంది. మార్తాండరావు గారు వచ్చినవాటిని తోసెయ్యడానికి చూస్తే, ఈ పిల్ల రానిదానికోసం చూసేది. బావిలో చేద వేసినట్టు నా అద్దం మీద వేలు పెట్టి కిందికి లాగేది. ఒక చిన్న చక్రం తిరిగేది, చేద ఖాళీగా పైకొచ్చేది. మళ్లీ లాగేది. ఓ ఉదయం చేద నిండుగా వచ్చింది. ఆ పిల్ల కేక విని పక్క గదుల వాళ్లు బల్లి మీద పడిందేమో అనుకున్నారు. ఉద్యోగం వచ్చిందిగా, కొత్త ఫోనూ వచ్చింది. నేను చీరాలలో పాత ఫోన్ల కొట్టులో అద్దాల బీరువాకు చేరాను.

ఇక నా బతుకు అంతేననుకున్నాను. అసలు బతుకు అక్కడే మొదలైంది.

ప్రసూన అనే అమ్మాయి ఒంగోలు ఆసుపత్రిలో నర్సు. సెలవు మీద వచ్చి, బీరువాలోంచి నన్ను తీయించి, తిప్పి చూసి, "మా అత్తకు ఇది చాలు" అంది. ఆ అత్తే హంసవేణి. వేటపాలెంలో సన్నాయి వాయించే ఆవిడ. భర్త సాంబయ్య డోలు వాయిస్తాడు. ఇద్దరూ కలిస్తే మేళం. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే ముందు వాళ్ల గుమ్మంలోకే వస్తారు.

వస్తారు సరే, వినేదెవరు? నేను ఆమె సంచీలో కూర్చుని ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లానో! సన్నాయి ఎత్తుకోగానే జనం ఆ మోత మీదుగా వినబడేట్టు మరింత గట్టిగా మాట్లాడుకుంటారు. కోటయ్య గారని ఆమె తండ్రి గొప్ప విద్వాంసుడు. కూతురికి కాంభోజి రాగం కడుపునిండా నేర్పిపోయాడు. ఆ కాంభోజిని నలుగురి ముందు మొదలుపెట్టి ముగించే యోగం ఆమెకు ఒక్కసారి కూడా పట్టలేదు. రాగం గడప దాటి నడవాలోకి వస్తుందో లేదో, పెళ్లివారిలో ఎవరో ఒకరు వచ్చి చెవి దగ్గర వంగేవారు.

"అమ్మా, ఆ ఏడుపు ఆపి సినిమా పాటేదన్నా అందుకో."

ఆమె తలూపి సినిమా పాట అందుకునేది. ఇంటికొచ్చాక పెరట్లో గేదె ముందు కూర్చుని మిగిలిన కాంభోజి వాయించేది. "గేదెకున్న చెవులు మనుషులకు లేవు" అనేవాడు సాంబయ్య. "గేదెను కట్టేశావు కాబట్టి వింటంది" అనేది ఆమె. ఆ నవ్వు వెనక ఒక కోరిక ఉంది. కదలకుండా కూర్చుని వినే మనుషుల ముందు, ఒక్కసారి, తండ్రి ఇచ్చిన రాగం చివరిదాకా వాయించాలి. ఆమె కోరిందల్లా అదే.

ప్రసూనకు ఆ కోరిక తెలుసు. విశాఖపట్నంలో సాగరతీర వాద్యోత్సవమని ఏటా జరుగుతుంది. అత్తను పెరట్లో కూర్చోబెట్టి, నన్ను నీళ్ల గాబు అంచుమీద నిలబెట్టి, వాయించింది నాలో పట్టి, ఆ ఉత్సవం వాళ్లకు మెయిలు చేసింది. అత్త పేరున ఒక మెయిలు చిరునామా పెట్టి, "ఇదిగో ఈ ఎర్ర గుర్తు కనబడితే ఉత్తరం వచ్చినట్టు అత్తా. నొక్కి చదువుకో" అని చెప్పింది. శ్రుతి వినిపించే పెట్టె లాంటిది కూడా ఒకటి నాలో దింపి, ఒంగోలు వెళ్లిపోయింది.

హంసవేణి చదివింది ఐదో తరగతి. తెలుగు చదువుతుంది, పైకి, ఒక్కో మాటా పలుకుతూ. అందుకే ఆమెకు వచ్చిన మెయిళ్లన్నీ నాకూ తెలుసు. మొదట్లో ప్రతిదీ చదివేది. చీరల కొట్టువాళ్లు, అప్పులిస్తామనేవాళ్లు, ఎవరో పరదేశి చనిపోతూ ఆస్తి రాశాడనేవాళ్లు. "మాకొద్దు నాయనా, వెళ్లిరా" అని ఒక్కొక్కరికీ మర్యాదగా పైకే చెప్పి పక్కకు జరిపేది. రాను రాను ఓపిక నశించింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, అదే ఊపులో నా ముఖాన కనబడ్డవన్నీ బొటనవేలితో ఒక్క తుడుపు తుడిచేసేది. ఆమె తుడిచింది వాకిలినే, ఇంట్లో ఉన్నది ఇంట్లోనే ఉంటుందని ఆమెకు తెలియదు. చెబుదామంటే నాకు ‘టింగ్’ తప్ప వేరే భాష రాదు.

ఒక మధ్యాహ్నం ఆ ‘టింగ్’ అదృష్టం తెచ్చింది. బియ్యంలో రాళ్లు ఏరుతున్న హంసవేణి చెయ్యి దులుపుకుని నన్ను తీసింది.

"నమస్కారం... హంసవేణి గారూ... మీ వాద్యం విన్నాము. మా ఉత్సవంలో... ఒక సాయంకాలం... మీ కచేరీ ఏర్పాటు చేయాలని మా కోరిక. మీ అంగీకారాన్ని... ఈ మెయిలుకు జవాబుగా తెలియజేయగలరు. ఇట్లు, దేశిరాజు వసుంధర."

చేట పక్కన పెట్టేసింది. "ఏమయ్యా! ఇట్టా రా! పిలుపొచ్చింది!"

సాంబయ్య వచ్చాడు. ఆమె మళ్లీ చదివింది. అతను మరోసారి చదివించుకున్నాడు. ఇద్దరూ నా మీదికి వంగారు. అద్దంలో పక్కపక్కనే వాళ్ల ముఖాలు చూస్తుంటే, ఇంతకు ముందు నేను మోసిన మెయిళ్లన్నీ ఈ ఒక్కదాని కిందికి రావనిపించింది. ప్రసూనకు ఫోన్ చేశారు. "ఒప్పుకున్నావా అత్తా?" అని అరిచింది ఆ పిల్ల. "ఒప్పుకోకుండా ఉంటానా ఏంది?" అంది ఈమె. అక్కడితో ప్రసూన నిశ్చింతగా ఉండిపోయింది.

కాని జవాబు రాయలేదు, నాయనలారా! ఒక్క ముక్క రాయలేదు!

ఎందుకో వినండి. మేళం వాళ్ల ఇళ్లలో పిలుపు వేరు, ఒప్పుకోలు వేరు. పిలిచినవాళ్లు మనిషిని పంపి, ఆకులూ వక్కలూ పండూ పళ్లెంలో పెట్టి చేతికివ్వాలి. తాంబూలం చేతిలో పడ్డాకే ‘వస్తాం’ అనే మాట నోట రావాలి. అది ఉత్త బింకం కాదు. కోటయ్య గారు వయసులో ఉండగా ఎవరో నోటిమాటగా రమ్మంటే ఒక పెద్దింటి పెళ్లికి బయలుదేరాడట, చిన్నపిల్ల హంసవేణిని వెంటబెట్టుకుని. గుమ్మంలో అప్పటికే వేరే మేళం కూర్చుని ఉంది. ఇంటాయన పైనుంచి కిందికి చూసి, "నిన్ను పిలిచిందెవరు?" అన్నాడు. తాంబూలం పుచ్చుకుని ఉంటే ఆ మాట అనగలిగేవాడా? గుడ్డ విప్పని సన్నాయితో అలాగే తిరిగొచ్చాడట. ఇంటికొచ్చాక కూతురితో ఒకే మాట అన్నాడు: "తాంబూలం పట్టకుండా ఎవరికీ మాటియ్యబాక."

అందుకని హంసవేణి ఎదురుచూసింది. గడపకు పసుపు రాసింది. కొత్త చాప తీసింది. ఇంట్లో ఏనాడూ చొక్కా వెయ్యని సాంబయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. బస్సు ఆగినప్పుడల్లా ఇద్దరూ వీధి మలుపు వైపు చూసేవారు. ఒకనాడు గ్యాస్ బండ మనిషి కొత్తవాడు వచ్చి, "సాంబయ్య గారి ఇల్లిదేనా?" అన్నాడు. అంతే, చేతులు పట్టుకుని లోపలికి తీసుకుపోయి, చాప మీద కూర్చోబెట్టి, కాళ్లకు నీళ్లిచ్చి, కాఫీ ఇచ్చారు. అతను కాఫీ తాగుతూ బిక్కుబిక్కుమని చూస్తుంటే, సాంబయ్య భార్య చెవిలో, "పళ్లెం కనపడదేందే?" అన్నాడు. "ఉండయ్యా, అలసిపోయినట్టుండాడు." అతను కాఫీ ముగించి, "అమ్మా, ఖాళీ బండ ఇస్తే పోతాను" అన్నాడు.

ఇంతలో రెండో మెయిలు వచ్చింది. "మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాము" అని. హంసవేణి చదివి నవ్వింది.

"చూశావా, వాళ్లకే తొందరగా ఉంది."

"మనిషి దొరక్క ఆలీసమైంటది," అన్నాడు సాంబయ్య. "పాపం, అంత దూరం నించి రావద్దా?"

నా అద్దం వెనక గుండె ఉంటే అది పగిలి ఉండేది. అక్కడ ఆ వసుంధర గారు జవాబు రాలేదని బాధపడుతుంటే, ఇక్కడ వీళ్లు తాంబూలం రాలేదని జాలిపడుతున్నారు. ఇరువైపులా మర్యాదస్తులే. నడుమ నేనున్నాను, నోరు లేనిదాన్ని.

మూడో మెయిలు సాయంత్రం వచ్చింది. హంసవేణి పాలు పితుకుతోంది, వినలేదు. మర్నాడు పొద్దున్నే వాకిలి ఊడ్చి, ఎప్పటిలాగే బొటనవేలితో నా ముఖం తుడిచేసింది. చీరల కొట్టుతో పాటు అదీ పోయింది. ఆ తుడుపుతోనే నన్ను సంచీలో పడేసి, చీరాలలో పెళ్లికి బయలుదేరింది.

కళ్యాణ మండపంలో ముహూర్తానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. మేళం ఓ పక్కన కూర్చుంది. సాంబయ్య వేళ్లకు గట్టి తొడుగులు తొడుక్కుంటున్నాడు. హంసవేణి సన్నాయి పీక పెదవులతో తడుపుకుంటూ, ఉన్నట్టుండి ఆగింది.

"ఏమయ్యా, ఇంటికి తాళమేసి వచ్చాం. ఆ మనిషి ఇయ్యాలొస్తే?"

"అరుగు మీద కూర్చుంటాడు."

"ఎండలోనా? ఎప్పుడొస్తాడో రాశారేమో చూస్తా." నన్ను బయటికి తీసింది. నాలోపల మెయిళ్ల పెట్టె తెరిచింది. చీరల కొట్టు కింద, చెరగకుండా, నల్లగా, లావుగా ఉంది ఆ మెయిలు.

"హంసవేణి గారికి... రెండుసార్లు రాసినా... జవాబు రానందున... మీకు ఇష్టం లేదని... భావించవలసి వస్తోంది. రేపు మధ్యాహ్నం పన్నెండు దాటితే... ఆ సాయంకాలం వేరే బృందానికి..."

రేపు అంటే ఇవాళే. ముఖంలో నెత్తురు దిగిపోవడమంటే ఏమిటో ఆనాడు దగ్గరగా చూశాను. నాలో కనబడుతున్న గడియారం కూడా చూసిందామె. పన్నెండుకు అట్టే వ్యవధి లేదు.

"ఇష్టం లేదంటన్నారు," అంది. "నాకు! ఇష్టం లేదంట!"

"ఫోన్ నంబరుందేమో చూడు."

"లేదయ్యా."

"అయితే వస్తామని రాసెయ్యి. ఇట్టా తే." సాంబయ్య నన్ను లాక్కుని గబగబా పొడిచాడు. తొడుగులున్న వేళ్లు! రాతితో పొడిచినట్టుంది గాని నాకు స్పర్శ తెలియలేదు. "ఇది చచ్చింది," అన్నాడు.

"నువ్వే చంపుతుండావు, ఇటియ్యి." తీసుకుంది. కాని వేలు కదలలేదు. "తాంబూలం లేకుండా ఎట్టా రాసేది? నాయన..."

"మీ నాయన కాలంలో ఇయ్యి ఉన్నాయా? మర్యాదని పట్టుకుని ఊగితే కాంభోజి గేదెకే మిగిలిద్ది. ఆలోచించుకో."

పురోహితుడు ఇటు తిరిగి, "మేళం సిద్ధంగా ఉండాలి!" అని కేకేశాడు.

హంసవేణి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఆ తర్వాత రాయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, చూపుడువేలితో, పైకి పలుకుతూ. నా ఒంటి మీద ఇన్నేళ్లలో ఎన్నో వేళ్లు పరుగులు తీశాయి గాని, ఇంత బరువుగా ఏ వేలూ నడవలేదు.

"అమ్మా వసుందర గారూ. మాకు రావాలని ప్రాణం పోతంది. తాంబూలం అందితేనే ఒప్పుకున్నట్టు, అది మా మేళం మర్యాద. మీ మనిషి ఇంకా రాలేదు. అందుకని జవాబియ్యలేదు. ఇష్టం లేక కాదు. హంసవేణి, సన్నాయి."

"ఇంతేనా? వస్తామని లేదు!" అన్నాడు సాంబయ్య.

"రాకుండా పోతామని కూడా లేదుగా." బాణం గుర్తు నొక్కింది. ఆ క్షణాన్నే పురోహితుడి చెయ్యి పైకి లేచింది. "గట్టిమేళం! గట్టిమేళం!"

ఇక సన్నాయి ఆపకూడదు. ఆమె ఊపిరంతా అటు పోయింది. నన్ను సాంబయ్య ఆమె చేతిలోంచి లాగి పక్కనున్న కిటికీ గూట్లోకి విసిరినట్టుగా పెట్టేశాడు. మండపంలో సిగ్నలు అంతంత మాత్రం. మెయిలు నాలోనే ఉండిపోయింది, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని నిలబడ్డ మనిషిలాగ. ఒకసారి తోశాను, పోలేదు. మళ్లీ తోశాను. బయట వేపచెట్టు కదిలింది, కిటికీలోంచి సన్నటి గాలి, దాని వెంటే సన్నటి సిగ్నలు. తోశాను, నాయనా! మార్తాండరావు గారి ‘చూస్తాను’లన్నీ మోసిన ఒళ్లు ఇది. ఆ ఒంట్లో ఎంత సత్తువ మిగిలుందో అంతా పెట్టి తోశాను. పోయింది! అక్షింతలు పడుతుంటే, గట్టిమేళం మోగుతుంటే, సరిగ్గా వేళకు పోయింది!

నా పుట్టుకకు ఎవరూ మేళం పెట్టలేదు. ఆ మోత నాకోసమే అనుకున్నాను, తప్పా?

తలంబ్రాలు అయ్యి జనం భోజనాల వైపు కదిలాక హంసవేణి వచ్చి నన్ను తీసుకుంది. అప్పుడే నేను ‘టింగ్’మన్నాను. ఆమె చదివింది.

"అమ్మా... తప్పు మాది. మా తాతగారి ఇంట మేళానికి... పళ్లెం లేకుండా కబురు వెళ్లేది కాదు. చదువులు ఎక్కువై ఆ మర్యాద మరిచాము. ఇప్పటికిప్పుడు నా చేతులతో సర్దిన పళ్లెం... దీనితో పంపుతున్నాను. అందుకోండి. అసలు పళ్లెం పట్టుకుని మా మనిషి రైలెక్కుతున్నాడు."

కింద ఒక బొమ్మ. సిగ్నలు మందం కదా, పైనుంచి కిందికి మెల్లగా విచ్చుకుంది. ముందు ఒక ఇత్తడి అంచు. తర్వాత తమలపాకుల కొసలు, ఆకుపచ్చగా, తడిగా. తర్వాత వక్కలు, అరటిపండ్లు, ఒక కొబ్బరికాయ. కడకు ఆ పళ్లేన్ని అటూ ఇటూ పట్టుకున్న రెండు చేతులు, మట్టిగాజులతో.

హంసవేణి పైట కొంగు రెండు అరచేతుల మీద పరిచింది. "ఇందులో పెట్టవయ్యా," అంది. సాంబయ్య తొడుగుల చేతులతోనే నన్ను ఎత్తి, ఆ కొంగులో పెట్టాడు. ఆమె నన్ను కళ్లకద్దుకుంది.

పెళ్లివారి ముసలమ్మ ఒకావిడ ఆగి చూసింది. "ఏందమ్మే, ఫోనుకు మొక్కుతుండావు?"

"తాంబూలం పుచ్చుకుంటుండా పెద్దమ్మా."

ఆవిడ వంగి నాలోకి చూసింది. "ఆకులు లేతగా ఉండాయి," అని తల పంకించి, పంక్తిలోకి వెళ్లింది.

హంసవేణి నవ్వుతూ, ఏడుస్తూ, ఒకే మాట రాసింది: "వస్తాం."

అన్నట్టుగానే అసలు పళ్లెమూ గుమ్మంలోకి వచ్చింది. విశాఖపట్నం ప్రయాణంలో సాంబయ్య తన పెట్టె తెచ్చి శ్రుతిపెట్టె మీద పెట్టాడు. దిగి చూస్తే శ్రుతిపెట్టె మూగబోయింది. "డోలు మీద పెట్టుకోలేకపోయావా?" అని ఆమె, "డోలు మీద పెడితే డోలు పోదూ?" అని అతను. కచేరీ వేళకు వేరే గతి లేక, ప్రసూన నాలో దింపిన శ్రుతిని వెతికి పట్టుకున్నారు. ప్రసూన కూడా ఒంగోలు నుంచి వచ్చింది. "అత్తా, మధ్యలో మెయిళ్లు వచ్చి మోగకూడదు" అని నాలో విమానం గుర్తు నొక్కింది. అంతే, లోకంతో నా తెగతెంపులు. వేదిక మీద, ఆమె మోకాలి పక్కన, మైకు ముందు నన్ను కూర్చోబెట్టారు. సా... పా... సా... పుట్టాక మొదటిసారి నాలోంచి ‘టింగ్’ కాక వేరే నాదం వచ్చింది.

ఆమె సన్నాయి ఎత్తింది, మళ్లీ దించింది. భయపడింది. అంతమంది మనుషులు, ఒక్క చప్పుడు లేదు. అలాంటి నిశ్శబ్దం ఆమె బతుకులో వినలేదు. సాంబయ్య వంగి, "గేదెలనుకో," అన్నాడు. ఆమె నవ్వు ఆపుకుంటూనే ఊపిరి పట్టింది.

కాంభోజి గడప దాటింది. నడవాలోకి వచ్చింది. ఎవరూ లేచి వచ్చి చెవి దగ్గర వంగలేదు. ఆమె ఒకసారి కళ్లు తెరిచి చూసింది, ఎవరన్నా వస్తున్నారేమోనని. ఎవరూ రావడం లేదు. అప్పుడు లోపలి గదులన్నీ తెరిచింది. అబ్బ, ఎన్ని గదులు! కోటయ్య గారు కూతురికి ఇచ్చిపోయింది రాగం కాదు, పెద్ద భవంతి.

అప్పుడు చూశాను. మూడో వరసలో, చీకట్లో, ఒక ముఖం మీద మాత్రం నీలి వెలుగు. తల వంచుకుని, బొటనవేలు ఎడమకు, కుడికి. ఆ వేలు నేనెరగనా! మార్తాండరావు గారు! ఉద్యోగం విరమించి కూతురి దగ్గరికి వచ్చినట్టున్నారు. పక్కన కామేశ్వరి గారు, ఆ పక్కన ఎదిగిన ఆ అమ్మాయి. ఎడమకు, కుడికి. ఎడమకు. ఇంతలో సన్నాయి పైషడ్జం అందుకుని నిలిచింది. నిలిచింది, నిలిచింది, ఇక ఊపిరి చాలదనుకున్న చోట కూడా నిలిచింది. ఆ వేలు గాలిలో ఆగింది. ఆయన తల ఎత్తారు. ఫోన్‌ను మోకాలి మీద బోర్లా పెట్టేశారు. నీలి వెలుగు ఆరిపోయి, ఆయన ముఖం మీద వేదిక వెలుగు పడింది. చివరిదాకా మళ్లీ తిరగెయ్యలేదు. వెనకటి ఒక సాయంకాలపు అప్పు తీరినట్టు నా ఒళ్లు తేలికైంది.

రాగం ముగిసింది. ముగిసిందని తెలియడానికి జనానికి కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత లేచిన చప్పట్ల హోరులో నా శ్రుతి నాకే వినబడలేదు. వసుంధర గారు వేదికెక్కి పళ్లెం పట్టుకొచ్చారు. అవే మట్టిగాజులు. హంసవేణి కొంగు పట్టి అందుకుంది.

విమానం గుర్తు తీసేయగానే ఎక్కడెక్కడి మెయిళ్లో ఒక్కుమ్మడిగా వచ్చి పడ్డాయి. చీరల కొట్టువాళ్లతో సహా. వాళ్లంతా ఆగితే లోకమేమీ మునిగిపోలేదు.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు మెయిళ్లు చూడటానికి హంసవేణికి కొత్త ఫోనుంది. మేళాన్ని పిలిచేవాళ్లు ముందు పళ్లెం బొమ్మ పంపుతున్నారు, వెనక మనిషిని పంపుతున్నారు. ఆమె వాకిలి ఊడ్చాక కూర్చుని, ప్రతి మెయిలూ పైకి చదివి, ప్రతిదానికీ జవాబు రాస్తుంది. నా అద్దం ఓ మూల చిట్లింది, ఇంకో పని చేతకాదు. సన్నాయి పక్కన అదే సంచీలో ఉంటాను. శ్రుతి వెయ్యడం ఒక్కటే నా కొలువు.

మేళంలో ఒక ఆచారముంది. వచ్చిన తాంబూలం ఒక్కరు ఉంచుకోకూడదు, వాయించిన వాళ్లందరికీ పంచాలి. ఆనాడు విశాఖపట్నంలో కచేరీ అయ్యాక హంసవేణి ఆకులు విప్పింది. సాంబయ్య చేతిలో ఒకటి పెట్టింది. తను ఒకటి తీసుకుంది. మూడో ఆకు తుడిచి నా అద్దం మీద పెట్టింది.

"దానికెందుకే?" అన్నాడు సాంబయ్య.

"మనతో వాయించలా?"

అప్పటినుంచి ఏ కచేరీ అయినా మూడో ఆకు నాది.